కల్లావి పెరట్లో తైవాను అన్నం

విషయం పందిమాంసమని తెలియగానే కొందరు పుట తిప్పివేస్తారని మాకు తెలియకపోలేదు. మాంసమే ముట్టని యిళ్ళు మన సంఘంలో ఎన్నో ఉన్నవి. ముట్టే యిళ్ళలో కూడా, "కోడి తింటాము, మేక తింటాము, అది మాత్రం మా యింటా వంటా లేదు" అనేవారే జాస్తి. మొన్న మొన్నటిదాకా మేమూ ఆ మాట అన్నవారమే. కనుక ఎవరినీ తినమని చెప్పడానికి ఈ నాలుగు మాటలు వ్రాయడం లేదు. తినేవారు వండి చూడవచ్చును. తిననివారు కథగా చదువుకోవచ్చును.

మాది కృష్ణగిరి జిల్లా, ఊత్తంగరై తాలూకా, కల్లావి. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేదాకా ధర్మపురి జిల్లా అని వ్రాసుకునేవాళ్ళము. రైలెక్కాలంటే సామల్పట్టి పోవాలి. వీధిలోకి వెళ్తే అరవం, గడప లోపలికి వస్తే తెలుగు. తాతలనాటినుంచీ యిదే వరస. తిండి కూడా మా పద్ధతి మాది. ఒకపూట రాగి సంగటి, ఒకపూట అన్నం. చింతపండు పడని కూర లేదు, ఊరుబిండి లేని రోజు లేదు. ఇటువంటి యింటికి తైవాను వంట ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి.

హోసూరు మొదలు కృష్ణగిరి దాకా రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు లేచిన సంగతి ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పనక్కరలేదు. అందులో తైవాను వారివి కూడా ఉన్నవి. కృష్ణగిరి దగ్గర కురుబరపల్లిలోని డెల్టా ఎలక్ట్రానిక్స్ వారి ఫ్యాక్టరీ అటువంటిదే. మా అబ్బాయి పనిచేసేది కూడా ఒక తైవాను కంపెనీలోనే. పేరెందుకు లెండి. పని నేర్చుకు రమ్మని వాడిని మూడు నెలలు ఆ దేశం పంపించారు. పోయేటప్పుడు ఊరగాయలు, పొడులు, అటుకులు కట్టి యిచ్చాము. వచ్చేటప్పుడు అందులో సగం అట్లాగే తిరిగి వచ్చినవి. "మరి యేమి తిన్నావురా?" అని అడిగితే వాడు కాసేపు నీళ్ళు నమిలి, "పందికూర అన్నం అమ్మా" అన్నాడు.

వాడు చెప్పిన వివరం యిది. అరచేతిలో పట్టేటంత గిన్నె, అందులో వేడి అన్నం. దానిమీద రెండు గరిటెల కూర. తోలూ కొవ్వూ సహా సన్నగా తరిగిన మాంసం సోయా సాసులో గంటల తరబడి ఉడికి, జిగటగా కరిగి, మెతుకుల సందుల్లోకి దిగిపోతుంది. పక్కన గోధుమరంగుకు తిరిగిన కోడిగుడ్డు ఒకటి, ఊరవేసిన ముల్లంగి బద్దలు రెండు. అంతే భోజనం. పేరు లూ రౌ ఫాన్. 'లూ' అంటే మసాలా రసంలో ఉడికించడం, 'రౌ' అంటే మాంసం, 'ఫాన్' అంటే అన్నం. తైవాను ఉత్తర భాగంలో ఈ పేరు. దక్షిణానికి పోతే దీన్నే రౌ జావ్ ఫాన్ అంటారట, అక్కడ లూ రౌ ఫాన్ అని అడిగితే అరచేతి వెడల్పు మాంసపు బద్ద తెచ్చి అన్నం మీద పెడతారట. మన గోంగూర తెలంగాణకు పోయి పుంటికూర అయినట్టు, పేర్ల తికమక అన్నిచోట్లా ఉన్నదన్నమాట. కసాయివాని దగ్గర మిగిలిన తునకలూ తోలూ చౌకగా తెచ్చుకొని, కొంచెం మాంసంతో ఎక్కువ అన్నం గడుపుకోవడానికి బీదలు కనిపెట్టిన వంట అని అక్కడివారు చెప్పుకుంటారు.

ఈ గిన్నెడు అన్నం మీద వారికెంత అభిమానమో చూడండి. 2011లో మిషెలిన్ వారి యాత్రికుల పుస్తకం ఈ వంట చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రానిదన్నట్టు వ్రాసింది. పొరపాటు ఎక్కడ వచ్చిందంటే, తైవాను హోటళ్ళవారు బోర్డులమీద 'లూ' అనే అక్షరానికి బదులు అదే పలుకుబడి గల మరొక తేలిక అక్షరం వ్రాస్తుంటారు. ఆ రెండో అక్షరం షాన్‌డాంగ్‌కు పాతపేరు. అంతే, తైపే నగర మేయరు హావ్ లుంగ్‌బిన్ వెయ్యి గిన్నెల అన్నం ఊరికే పంచిపెట్టి, యిది మా వంట సుమా అని చాటించాడు. మన ఊరుబిండిని ఎవరైనా పరాయిదంటే మేము మాత్రం ఊరుకుంటామా?

ఇంతవరకు వినడానికి బాగానే ఉన్నది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. మావాడి పై ఉద్యోగి, తైవాను ఇంజనీరు ఒకాయన, కృష్ణగిరిలో అద్దె యింట్లో ఒంటరిగా ఉంటున్నాడు. యాభై దాటిన మనిషి. భార్యాపిల్లలు అక్కడ, ఈయన యిక్కడ. మావాడికి ఆ దేశంలో జ్వరం తగిలినప్పుడు ఈయన భార్య రోజూ జావ కాచి పంపిందట. ఆ విశ్వాసం కొద్దీ వీడు, "ఒక ఆదివారం మా యింటికి రండి, మీ లూ రౌ ఫాన్ వండి పెడతాము" అని మాట యిచ్చి వచ్చాడు. మమ్మల్ని ఒక్కమాట అడగలేదు.

మావారు మండిపడ్డారు. "కోడిని కోయించు, మేకపోతు తెప్పించు, పదిమందికైనా పెడదాం. ఆ మాంసం ఈ గడప తొక్కిందంటే రేపు వీడికి పిల్లనిచ్చేదెవరు?" అన్నారు. అది తోసివేయదగిన మాట కాదు. సంబంధాలు చూస్తున్న రోజులు. పొలమెంత, జీతమెంత అని అడిగినట్టే, ఆ యింట్లో యేమేమి వండుతారని కూడా నాలుగిళ్ళలో విచారించి పోతారు. అబ్బాయి తల వంచుకొని, "మాట యిచ్చేసినా నాయనా" అని నిలబడ్డాడు. తండ్రీ కొడుకుల మధ్య మేము ఏమనడానికీ తోచక ఊరుకున్నాము.

అప్పుడు అరుగుమీద చింతపండు గింజ తీస్తున్న మా అత్తగారు తలెత్తారు. ఆమెకు యెనభై దాటినవి.

"ఏమిరా దీనికింత రచ్చ? లోపల వద్దు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కొత్త కుండ తెండి. చేసేకి నేనుండాను."

"నీకెట్ల తెలుసు అవ్వా?" అన్నాడు మనుమడు.

"నాకు తెలవక ఇంకెవురికి తెలుసు? మా పుట్టింట్లో పండగనాడు తినేది అదే కదా."

ఎవరూ మాట్లాడలేదు. అరవై యేండ్లు ఒకే కప్పు కింద ఉన్న కొడుక్కు కూడా తెలియని సంగతి. ఆమె గింజలు తీస్తూనే చెప్పారు. "పెండ్లయి ఈ యింటికి వచ్చిన మూడోనాడు మా అత్త పిలిచి చెప్పింది. మీ యింట్లో మీరేమి తినిరో నాకొద్దు, ఈ యింట్లో మాత్రం దాని పేరెత్తొద్దు అని. ఎత్తలే."

మావారు లేచి గొడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. మరునాడు పొద్దున్నే తామే కుమ్మరి యింటికి పోయి, వెడల్పు మూతి కుండ ఒకటి చంకన పెట్టుకొని వచ్చారు. దాన్ని గురించి వారూ యేమీ అనలేదు, మేమూ అనలేదు.

మనవాళ్ళు పూర్వం ముట్టనే ముట్టలేదన్న మాట కూడా నిలవదని తర్వాత పుస్తకాలు తిరగవేస్తే తెలిసింది. సుమారు 1520 ప్రాంతంలో, కృష్ణదేవరాయల కాలంలో, విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ అక్కడి కసాయి వీధులలో అమ్మే పందుల సంగతి వ్రాశాడు. అవి ఎంత తెల్లగా, ఎంత శుభ్రంగా ఉన్నవంటే ఏ దేశంలోనూ అంతకంటె మంచివి కనబడవన్నాడు. పంది ఒకటి నాలుగైదు ఫణాలట. మరి ఈ ఏవగింపు ఎప్పుడు, ఎట్లా ముదిరిందో మేము చెప్పలేము గాని, పెంటకుప్పల మీద తిరిగే ఊరపందిని చూచినవారికి తినబుద్ధి కాకపోవడం సహజమే. అయితే ఆ పందులను మేపుకొని బ్రతికినవారిని ఊరి వెలుపల నిలబెట్టినాము గదా, ఆ పాపం కూడా దీనిలో కలిసి ఉన్నది. మాంసం మీది అసహ్యం కొంత, మనుషుల మీది అసహ్యం కొంత. మా అత్తగారి అత్తగారు మూడోనాడే పిలిచి చెప్పిన మాటలో ఏది ఎంత పాలో మాకు తెలుసును.

ఇప్పుడు రోడ్డు పక్కన దుకాణాలలో అమ్మేది ఊరపంది కాదు, దొడ్లో కట్టి మేపిన తెల్లపంది. అరవంలో 'వెణ్‌పన్ఱి' అని బోర్డులు కనిపిస్తుంటవి. హోసూరులో 1824లో పెట్టిన ప్రభుత్వ పశువుల ఫారంలో ఆవులతో పాటు పెద్ద తెల్ల యార్క్‌షైర్ జాతి పందులను కూడా పెంచుతూ వచ్చారు. మాంసం కొనేటప్పుడు పొట్టభాగం అడగాలి. తోలు, దాని కింద కొవ్వు, దాని కింద కండ, మళ్ళీ కొవ్వు, ఇట్లా పొరలు పొరలుగా ఉండాలి. తోలు తీయించకూడదు. ఈ వంటలో జిగి అంతా తోలుదే. వట్టి కండతో వండితే పొడిపొడిగా ఉండి అన్నానికి అంటుకోదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పందిమాంసం తింటే మెదడులో పురుగు చేరి మూర్ఛలు వస్తవని మన ఊళ్ళలో అంటారు. అది సగమే నిజం. పంది కండలో బద్దెపురుగు పిల్ల దశలో, బియ్యపుగింజంత తెల్లని నీటిబుడగలుగా ఉండవచ్చును. అటువంటి మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే, తిన్నవారి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులోకి చేరేది మాత్రం ఆ పురుగు గుడ్ల వలన. పేగులో పురుగున్న మనిషి మలంతో అవి బయటపడతవి. చేతులు కడుక్కోని వంటమనిషి వలన, కడగకుండా పచ్చిగా తిన్న ఆకుకూర వలన, చెడ్డనీళ్ళ వలన అవి ఎవరి కడుపులోకైనా పోవచ్చును. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు రావడం అందుకే. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దీనిమీద చాలా పరిశోధన చేశారు. కనుక మాంసం కోసేటప్పుడు తెల్లని బుడగలున్నవేమో చూడండి, ఉంటే పారవేయండి. కత్తి, పలక, చేతులు సబ్బుతో కడగండి. బాగా ఉడికించండి. ఈ వంట గంటన్నరకు తక్కువ ఉడకదు గనుక ఆ భయం లేదు.

అతిథి రావడానికి రెండు వారాల వ్యవధి ఉన్నది. మొదటి ఆదివారం అరకిలోతో పరీక్షగా వండి చూచాము. చెడిపోయింది. ఒకటి, ఉల్లిపాయలు నల్లబడేదాకా వేయించాము. రెండు, సోయా సాసు రంగు చాలలేదని సీసా వంచి పోశాము. చేదూ ఉప్పూ కలిసి ఏ జంతువూ తినలేని పదార్థం తయారయింది. అత్తగారు ఒక మెతుకు నాలుకకు తగిలించుకొని, "ఉల్లిపాయను చంపినారు కదే" అన్నారు. అబ్బాయి కూడా తలకొట్టుకొని, అక్కడ అంగడిలో వండే ముసలమ్మను అడిగినప్పుడు ఆమె మాంసం ఊసే ఎత్తకుండా ఉల్లిపాయల సంగతే చెప్పిందని అప్పుడు జ్ఞాపకం చేసుకున్నాడు. ముందే చెప్పకూడదా?

ఈ వంటకు ప్రాణం మన చిన్న ఉల్లిపాయ. సాంబారులో వేసుకునే ఎర్రనిది. తైవానువారు వాడేది కూడా ఆ జాతిదే. పెద్ద ఉల్లిపాయలో నీరెక్కువ, వేగేసరికి మెత్తబడిపోతుంది, ఆ వాసన రాదు. తమిళనాట పుట్టినవారికి చిన్న ఉల్లిపాయకు కరువేమున్నది? ఒలవడానికి మాత్రం ఓపిక కావాలి. కాసేపు నీళ్ళలో నానవేస్తే పొట్టు సులువుగా వస్తుంది. కిలో మాంసానికి పావుకిలో పైచిలుకు ఒలిచిన ఉల్లిపాయలు తీసుకొని, నిలువుగా కాక అడ్డంగా, ఒకే మందాన సన్నని చక్రాలుగా తరగాలి. మందం తేడా ఉంటే కొన్ని మాడతవి, కొన్ని పచ్చిగా ఉంటవి. గ్లాసు నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే వేసి, సన్నని సెగమీద కలుపుతూ ఉండాలి. పదిహేను నిమిషాల దాకా యేమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత నురుగు తగ్గి, రంగు గబగబా మారుతుంది. ఇంకా లేత బంగారు రంగులో ఉండగానే దేవివేయాలి. బయటికి తీసిన తర్వాత కూడా ఆ వేడికి అవి ఎర్రబడుతూనే ఉంటవి. మేము మొదటిసారి మోసపోయినది అక్కడే. పళ్ళెంలో పలచగా పరిస్తే చల్లారి గలగలలాడుతవి. ఆ నూనె పారపోయవద్దు, వంటంతా దానితోనే.

మాంసాన్ని ముందు పెద్ద ముక్కగానే అల్లం వేసి పదిహేను నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారపోయాలి. నీచువాసన చాలావరకు పోతుంది, మాంసం గట్టిపడి తరగడానికి కూడా వీలుగా ఉంటుంది. చల్లారిన తర్వాత చిటికెనవేలి మందాన, అంగుళం పొడుగున, ప్రతి ముక్కకూ తోలూ కొవ్వూ కండా వచ్చేటట్టు తరగాలి. యంత్రంలో కైమా కొట్టించుకోవచ్చు గదా అని అడిగేవారుంటారు. కొట్టించవచ్చును, కాని జిగి పోయి బూడిద తిన్నట్టు ఉంటుంది. అత్తగారు కత్తిపీట ముందు కూర్చొని కిలో మాంసమూ తామే తరిగారు. అరవై యేండ్లు మానిన చేయి అని ఎవరూ అనరు.

కుండను ముందురోజే నీళ్ళలో నానవేసి, బియ్యం కడుగు పోసి కాచి పెట్టుకున్నాము. అందులో రెండు గరిటెల ఉల్లినూనె పోసి మాంసం వేస్తే, కాసేపటికి తన కొవ్వు తానే వదులుతుంది. అంచులు ఎర్రబడిన తర్వాత చితక్కొట్టిన వెల్లుల్లి పది పాయలు, రెండు చెంచాల పటికబెల్లం. ఈ పటికబెల్లం చూచి మాకు నవ్వు వచ్చింది. తైవానువారు ఈ వంటలో వేసేది అచ్చంగా అదేనట. మనకు కోవెల ప్రసాదానికి గాని దగ్గుమందుకు గాని తప్ప కొనే అలవాటు లేదు. అది కరిగి మాంసానికి పట్టిన మీదట సోయా సాసు. ఫ్రైడ్ రైస్ బండ్ల పుణ్యమా అని ఊత్తంగరైలో కూడా దొరుకుతున్నది. పలుచనిది, నల్లనిది అని రెండు రకాలుంటవి. పలుచనిది ఉప్పుకు, నల్లనిది రంగుకు. కిలోకు పలుచనిది చిన్న టీగ్లాసుడు, నల్లనిది రెండు చెంచాలు. అంతకు మించవద్దు. ఉప్పు వేరే వేయవద్దు, చివర రుచి చూచి కావాలంటే వేసుకోవచ్చును.

తర్వాత ఐదు గ్లాసుల వేడినీళ్ళు పోసి, గుడ్డలో మూటకట్టిన మసాలా వేయాలి. అనాస పువ్వులు రెండు, వేలెడు దాల్చినచెక్క, లవంగాలు మూడు, సోంపు అరచెంచా, మిరియాలు పది. ఇవన్నీ మన బిరియాని సామానే. వారు మిరియాలకు బదులు నాలుక తిమ్మిరెక్కించే వేరొక గింజ వేస్తారు, అది మనకు దొరకదు. బియ్యపు సారా కూడా కొంచెం పోస్తారు. టాస్మాక్ అంగడి ముందు నిలబడి "వంటలోకి" అంటే నమ్మేవారెవరు? మేము అల్లం ముక్క ఒకటి ఎక్కువ వేసి సరిపెట్టుకున్నాము. వేయించిన ఉల్లిపాయలను చేత నలిపి మూడుపాళ్ళు యిప్పుడే కలపాలి. ఒకపాలు పైన చల్లుకోవడానికి. అవి క్రమంగా కరిగి రసాన్ని చిక్కబరుస్తవి. ఇక కట్టెలు వెనక్కు లాగి, బుడగ వచ్చీ రానట్టు గంటన్నర. చివరి అరగంటలో ఉడికించి ఒలిచిన కోడిగుడ్లు అందులో ముంచాలి. కుక్కరులో నాలుగైదు కూతలు వేయించినా ఉడుకుతుంది గాని, తర్వాత మూత తీసి అరగంటైనా మరగకాచాలి, లేకపోతే పలచగా నీళ్ళు నీళ్ళుగా ఉంటుంది.

ఆ గంటన్నరలో రెండు సంగతులు జరిగినవి. ఒకటి, అత్తగారు చింతపండు, ఎండుమిరపకాయలు తెచ్చి కుండలో వేయబోయారు. "కారం, పులుసు లేక అదేమి కూర?" అని వారి వాదం. అబ్బాయి కుండకు అడ్డం నిలబడ్డాడు. చివరకు కారానికి ఊరుబిండి వేరే నూరి పక్కన పెట్టేటట్టు రాజీ కుదిరింది. రెండోది, ఆ వాసన గోడ దాటిపోయింది. పక్కింటామె గోడమీదుగా చూచి, "ఏమక్కా, ఏమి వంట?" అన్నది. అబద్ధమాడడానికి నోరు రాక ఉన్నమాట చెప్పాము. ఆమె "ఓ" అని లోపలికి పోయింది. ఏమనుకున్నదో, ఎవరితో అన్నదో యింతవరకు తెలియలేదు.

అన్నం సంగతి వేరుగా చెప్పాలి. తైవాను బియ్యం పొట్టిగా, గుండ్రంగా, కొంచెం అంటుకునేటట్టు ఉంటుంది. ఆ దేశం 1895 నుంచి 1945 దాకా జపానువారి చేతిలో ఉన్నప్పుడు అభివృద్ధి చేసిన వరి అది. 1926లో దానికి పోన్‌లై బియ్యమని పేరు పెట్టారు. ముల్లంగి ఊరగాయ అలవాటు కూడా ఆ జపాను రోజులదే. అటువంటి బియ్యం కృష్ణగిరిలో ఎక్కడ తెస్తామని విచారపడుతుంటే, వ్యవసాయం చదివిన మా బంధువు ఒకరు నవ్వి, "మీ డబ్బాలో ఉన్నదే దానికి మనుమరాలు" అన్నారు. నిజమే. పోన్‌లై బియ్యంలో పేరుపొందిన తైచుంగ్ 65 అనే రకాన్ని మలయా వరితో కలిపి అక్కడ మసూరిని సృష్టించారు. మన తమిళనాట పొన్ని అని పండించేది ఆ మసూరి సంతతిదే. ఆంధ్రలో బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, దానికి తైవాను చుట్టరికం రెండువైపులా ఉన్నది. ఒకవైపు మసూరి, ఇంకొకవైపు తైవాను పొట్టివరి తైచుంగ్ నేటివ్ 1. హైదరాబాదు నుంచి 1968లో వచ్చిన జయ రకానికి కూడా ఈ తైచుంగ్ నేటివే ఒక తల్లి. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి పేరు తెచ్చుకున్న ఐఆర్ 8 లోనూ తైవాను పొట్టివరి రక్తం ఉన్నది. అంతకుముందు మన వరి నిలువెత్తు పెరిగి, ఎరువు వేస్తే గింజ బరువుకు పడిపోయేది. పొట్టిరకాలు వచ్చి నిలబడినవి. అంటే తైవాను కూర ఇప్పుడు వచ్చింది గాని, తైవాను అన్నం మనం రెండు తరాలుగా తింటూనే ఉన్నాము.

కొత్త బియ్యం ముద్దవుతుందని మనం తిడతాము. ఈ వంటకు కావలసింది అదే. ఆ సంవత్సరం కోసిన కొత్త పొన్ని బియ్యం తీసుకొని, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టి, పది నిమిషాలు మూత తీయకుండా ఉంచాలి. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటే రసం గిన్నె అడుగుకు జారిపోతుంది.

అతిథి పన్నెండు గంటలకు వచ్చాడు. అనాసపండు గుజ్జు పెట్టిన చిన్న రొట్టెల పెట్టె ఒకటి రెండు చేతులా పట్టుకొని అత్తగారికి అందించాడు. వద్దన్నా వినకుండా మామిడిచెట్టు కింద చాపమీదే కూర్చున్నాడు. అరటాకు వేస్తే గిన్నె కావాలన్నాడు. పాయసం గిన్నెలో అన్నం పెట్టి, మీద రెండు గరిటెలు పోసి, గుడ్డు సగానికి కోసి, మిగిల్చిన ఉల్లిపాయలు చల్లి యిచ్చాము. తల ఎత్తకుండా తిన్నాడు. గిన్నె ఖాళీ అయిన తర్వాత మావాడితో ఏదో అన్నాడు. వాడు కొంచెం సందేహించి తెలుగులో చెప్పాడు. "వాళ్ళమ్మ చేసినట్టు లేదంట. వాళ్ళ వీధి చివర అంగట్లో ఉన్నట్టు ఉందంట. తీపి ఇంకొంచెం పడాలంట." పొగడ్తో తప్పో మాకు తేలలేదు. ఆయన రెండో గిన్నె అడిగాడు, మూడోది అడగకుండానే పెట్టించుకున్నాడు. ఊరుబిండి నోట్లో పెట్టుకొని కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ బియ్యం చుట్టరికం సంగతి మావాడు చెప్పగా, ఒక మెతుకు వేలిమీద పెట్టుకొని చాలాసేపు చూచాడు.

అత్తగారికి మాత్రం అన్నం వద్దు. సంగటి ముద్ద చేయించుకొని, దానిలో గుంట చేసి, ఆ కూర పోసుకొని, ఊరుబిండి కలుపుకొని తిన్నారు. "మా నాయన పొద్దు కుంకినాక తెచ్చేవాడు, మోదుగాకులో చుట్టి" అన్నారు, ఎవరితోనూ కాదు. మావారు అన్నంమీద కోడిగుడ్డు ఒకటి మాత్రం వేసుకున్నారు. ఆ గుడ్డు ఉడికింది ఆ కుండలోనే గదా అని మేము అనలేదు. మేము తిన్నామా అని అడుగుతారు. తిన్నాము. రసమూ ఉల్లిపాయా మొదటి ముద్దకే నచ్చినవి. తోలు జిగట మింగడానికి రెండో గిన్నె దాకా పట్టింది. మరునాటికి మిగిలినది కాచుకొని తింటే మొదటిరోజు కంటె బాగున్నది.

కుండ కడిగి ఎండబెట్టాము. దాన్ని వంటింట్లో పెట్టాలా, బయట పెట్టాలా అన్నది యింకా తేలలేదు. ప్రస్తుతం గొడ్లకొట్టం అటకమీద బోర్లించి ఉన్నది. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ పెద్దమనిషి మళ్ళీ వస్తానన్నాడు. పటికబెల్లం మూడు చెంచాలు వేయమని అత్తగారు యిప్పుడే చెప్పి పెట్టారు.